అచ్చొచ్చిన పాస్‌వర్డ్

“ఆ మాట తెలిసింది ఇద్దరికమ్మా. ఒకణ్ణి నేను, రెండోదానివి నువ్వు. నేనైతే నోరిప్పలేదండి. ఇంక ఎవరు చెప్పినట్టు?”

“నాను సెప్పలేదు సార్.”

“మరి గాలికి ఎగిరి వెళ్ళిందా? మనం నిన్న పంపిన రేటు ఆ రోడ్డుకి అటేపు ఉన్నాయనకి నిన్నే ఎలా తెలిసిపోద్దండి?”

“అదే నానూ అడుగుతన్నాను. అన్నిటికీ ఒకటే మాట పెట్టొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నాను. మీరు వినలేదు. ఇప్పుడు దొంగ నానా?”

“దొంగ అని నేనన్లేదు.”

“అన్నారు సార్. ఇంతమంది వింటన్నారు.”

ఇంతమంది అంటే పొద్దున్నే బత్తా డబ్బుల కోసం మెట్ల మీద నిలబడ్డ డ్రైవర్లు, క్లీనర్లు, టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని గుమ్మంలో ఇరుక్కుపోయిన నేను. లోపలికి వెళ్ళి ఇద్దామంటే ఇద్దరి మధ్యలోంచి దారి లేదు. టీ చల్లారిపోతోంది. టీ చల్లారితే నాకు ఒళ్ళు మండుతుంది. గ్యాసు ఊరికే రాదు కదా. ఎవరి వైపు న్యాయం ఉందో ఆలోచించడం తరవాత, ముందు ఈ గ్లాసులు ఎవరైనా అందుకుంటే బాగుణ్ణు అనుకుంటూ నిలబడ్డాను.

పిల్లలూ, మీరు నన్ను అడుగుతూ ఉంటారు, మామ్మా, నువ్వు కంప్యూటర్ ఆఫీసులో పని చేశావటగా అని. చేశాను. మా ఆఫీసు ఆటోనగర్లో. మాది అంటే నాది కాదు, చీపురు మాత్రం నాది. లారీల ఆఫీసు అది. స్టీలు ప్లాంటు నుంచి కడ్డీలు, కాయిల్స్, పోర్టు నుంచి ఏ ఓడలో ఏదొస్తే అది ఎత్తుకుని ఊళ్ళమ్మట తిరిగే లారీలు. షట్టర్ తియ్యడం, ఊడవడం, తడిగుడ్డ పెట్టడం, నీళ్ళు పట్టడం, టీ కాయడం, మళ్ళీ షట్టర్ వెయ్యడం నా పనులు. నా చదువు మూడో తరగతి, అదీ పూర్తిగా కాదు. చదవగలను గానీ అక్షరాలు నన్ను చూసి తొందరపడవు, నేనూ వాటిని తొందర పెట్టను.

మా ఓనరుగారు గోదావరి జిల్లా ఆయన. ఒక్క లారీతో వచ్చి, లారీలు వరసగా నిలబెడితే వీధి చివరిదాకా వచ్చేటంత సంపాదించాడు. మంచివాడే. జీతం ఆలస్యం చేసేవాడు కాదు, డ్రైవర్లని “రా” అనేవాడు కాదు. ఆయనకి ఉన్నది ఒకటే జబ్బు, సెంటిమెంటు. ద్వారకా నగర్లో ఒక మేడ మీద ఒక సిద్ధాంతిగారు ఉండేవారు. ఆ మేడ కింద అంతా కోచింగ్ సెంటర్లే. కింద పాసవనివాళ్ళు పైకెక్కేవారని మా డ్రైవర్లు నవ్వుకునేవారు. మా ఓనరుగారు కింద ఎప్పుడూ చదవలేదు గానీ పైకి మాత్రం నెలనెలా ఎక్కేవారు. లారీ నంబరు కూడితే తొమ్మిది రావాలి. ఫోను నంబరు కూడితే తొమ్మిది రావాలి. సిద్ధాంతిగారు చెప్పారని ఆఫీసు గుమ్మం ఆ గోడ నుంచి ఈ గోడకి వచ్చింది. నా చీపురు మూల ఎన్ని మూలలు తిరిగిందో నాకే గుర్తు లేదు.

అలాంటి ఆఫీసులోకి కంప్యూటర్ వచ్చింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. కొత్త లారీ వస్తే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు కదా. కంప్యూటర్‌కి చక్రాలు లేవు. ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. చివరికి దాని ముందు వేసే కుర్చీకి చక్రాలున్నాయని ఒక డ్రైవరు కనిపెట్టాడు. ఓనరుగారు కుర్చీలో కూర్చుంటే ఇద్దరు వెనకనుంచి తోసి నిమ్మకాయలు తొక్కించారు. ఆ రసం నేను తుడుచుకున్నాను.

కంప్యూటర్ మీద కూర్చోడానికి ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ళ నాన్న మా బండి మీదే డ్రైవరు. కాలు విరిగి ఇంట్లో కూర్చున్నాడు. ఈ పిల్ల గాజువాకలో కంప్యూటర్ కోర్సు చేసి ఉంటే ఓనరుగారే పిలిచి పని ఇచ్చారు. ఇంట్లో పొయ్యి ఆ జీతంతోనే వెలిగేది. చురుకైనదే, కానీ బయటికి వెళ్ళేటప్పుడు ఫ్యాను ఆపదు. నాకూ దానికీ ఆ ఒక్క ఫ్యాను దగ్గరే రోజూ తగువు.

ఇంక ఆ మాట సంగతి. కంప్యూటర్‌కి ఒక రహస్యమైన మాట పెట్టాలి, పాస్‌వర్డ్ అంటారు అని ఆ పిల్ల చెప్పగానే ఓనరుగారు ద్వారకా నగర్ వెళ్ళిపోయారు. సిద్ధాంతిగారు ఆయన పేరూ పుట్టిన వేళా లెక్కలు కట్టి, అచ్చొచ్చే మాట ఒకటి ఇచ్చారు. ఆ మాట గాలికి పోకూడదట, కాగితం ఎక్కకూడదట. పిల్లలకి అక్షరాభ్యాసం చేయించినట్టు పళ్లెంలో బియ్యం పోసి, బియ్యంలో వేలితో రాసి చూపించి, వెంటనే చెరిపెయ్యాలట. ఓనరుగారు ఒక గురువారం పొద్దున్న స్టీలు పళ్లెంలో బియ్యం పోయించి, నన్ను బయట నిలబెట్టి, తలుపు వేసి, ఆ పిల్లకి అలాగే రాసి చూపించారు. తలుపు తీశాక బియ్యం నాకిచ్చారు. పారేసే అలవాటు నాకు లేదు, ఇంటికి పట్టుకెళ్ళి వండేశాను. రహస్యం అంటారు గానీ, ఉడికాక మామూలు అన్నమే.

అప్పణ్ణుంచి ఆఫీసులో ఏది తెరవాలన్నా అదే మాట. కంపెనీలకి రేట్లు పంపే మెయిల్‌కి అదే. బ్యాంకుదానికి అదే. రైలు టిక్కెట్లు తీసేదానికి అదే. కంప్యూటర్ లేవగానే అడిగేదానికీ అదే. ఆ పిల్ల మొదటి నుంచీ గొణుగుతూనే ఉంది. ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ బాక్సు మూత తీస్తూ నన్ను అడిగింది, పిన్నీ, నీ నడుముకి అంత పెద్ద తాళాల గుత్తి ఎందుకు అని. షట్టర్‌ది ఒకటి, గోడౌనుది ఒకటి, టార్పాలిన్ల గదిది ఒకటి, జాకీలూ స్పానర్లూ ఉండే గదిది ఒకటి, బీరువాది ఒకటి అన్నాను.

“అన్నిటికీ ఒకటే తాళం ఎయ్యొచ్చు కదా. నీకు మొయ్యడం తప్పుతాది.”

“నాకేటి పిచ్చా? టార్పాలిన్ కోసం తాళం తీసుకెళ్ళిన క్లీనరు బీరువా కూడా తీసేత్తాడు.”

“అదే నానూ సెప్తన్నాను” అని ముద్ద నోట్లో పెట్టుకుంది.

నాకు ఆ మాట చాలా రోజులు బుర్రలో తిరిగింది. నేను పొదుపరిని. నన్ను పిసినారి అన్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ ఇళ్ళల్లో పట్టపగలు లైట్లు వెలగడం నేను చూశాను. పొదుపు ఎక్కడ చెయ్యాలో ఎక్కడ చెయ్యకూడదో నాకు తెలుసు. ఇనపతాళం కొనాలంటే డబ్బులు పెట్టాలి. అయినా మా ఓనరుగారు గదికొకటి కొన్నారు. ఈ మాటల తాళం ఊరికే వస్తుంది. ఎన్ని కావాలంటే అన్ని చేసుకోవచ్చు, తుప్పు పట్టదు, నడుముకి బరువు లేదు. ఊరికే వచ్చేదాన్ని కూడా ఒక్కటే పెట్టుకుని అరగదీస్తే దాన్ని పొదుపు అనరు. బద్ధకం అంటారు.

మొన్న మా మనవరాలు ఫోను పట్టుకుని ఏదో కొత్తదాంట్లో పేరు రాయించుకుంటోంది. ఏం మాట పెట్టావే అంటే, ఎప్పుడూ పెట్టేదే మామ్మా అంది. దాని ముద్దుపేరూ, పుట్టిన సంవత్సరమూ. ఆ ముద్దుపేరు వీధిలో కుక్కలకి కూడా తెలుసు. అందుకే ఇది చెప్తున్నాను. మీకు ఎలాగూ మాటమీద గురి లేదు, కథయితే వింటారు.

మా ఆఫీసుకి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అటుపక్క, ఇంకో లారీల ఆఫీసు ఉండేది. దాని ఓనరు మన వైపు మనిషే, విజయనగరం దాటాక ఏదో ఊరు. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు గానీ “బావా” అంటే “బావా” అనుకునేవారు. పొద్దున్నే షట్టర్లు లేవగానే ఇటునుంచి ఒక బావ, అటునుంచి ఒక బావ చెయ్యెత్తేవారు. లోపలికి వచ్చాక ఇద్దరూ రెండోవాడి లారీలకి పంచర్లు పడాలని కోరుకునేవారు. వ్యాపారం కదా.

కొన్నాళ్ళకి ఏం మొదలైందంటే, ఏ కంపెనీకి మనం రేటు పంపినా, ఎదురాఫీసువాళ్ళ రేటు మనకంటే ఒక్క వెంట్రుకవాసి తక్కువ ఉండేది. ఎక్కువ తక్కువ ఉంటే పోన్లే అనుకోవచ్చు. ఎప్పుడు చూసినా వెంట్రుకవాసే. మొదటిసారి ఓనరుగారు శనిదోషం అన్నారు, నూనె దీపాలు పెట్టించారు. రెండోసారి సింహాచలం వెళ్ళొచ్చారు. మూడోసారి పెద్ద లోడు, ప్లాంటు నుంచి కాయిల్స్ ఏడాది పొడుగునా తోలే బేరం, అదీ అటు పోయింది. అప్పుడు శనిని వదిలేసి మనుషుల వైపు చూశారు. ఆ మాట ఎవరెవరికి తెలుసు అని లెక్క వేసుకుంటే, ఆయన పోగా మిగిలింది ఆ పిల్ల. ఆ లెక్క ఫలితమే నేను చల్లారిన టీ పట్టుకుని నిలబడ్డ ఆ పొద్దుటి గొడవ.

గొడవ చివరికి ఓనరుగారు గొంతు తగ్గించి, సాయంత్రం దాకా ఉండి కాగితాలన్నీ అప్పజెప్పేసి వెళ్ళమ్మా అన్నారు. మధ్యాహ్నం సిద్ధాంతిగారు వస్తున్నారు, కొత్త మాట ఇస్తారు, అది ఇంక నేనే చూసుకుంటాను అన్నారు. డ్రైవర్లు తలలు వంచుకుని బత్తా తీసుకుని వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ అందరూ ఒకసారి ఆ పిల్ల వైపు చూశారు. ఆ చూపులు నాకు నచ్చలేదు. ఆ పిల్ల ఆ మాట బయటపెట్టిందో లేదో నాకు మాత్రం ఏం తెలుసు. అయినా నచ్చలేదు.

మధ్యాహ్నం అది బాక్సు తెరవలేదు. ఓదార్చడం నాకు చేతకాదు. అన్నం తిను, పాడైపోతాది అన్నాను.

“ఉజ్జోగం పోతే ఇంకోటి సూసుకుంటాను పిన్నీ. దానికి కాదు. మా నాన్న ఈ యార్డులోనే బండి తోలాడు. ఈలందరూ ఆయన్ని సూడ్డానికి ఇంటికొత్తారు. మంచం పక్కన కూసుని ఏటని పలకరిత్తారు? మీ పిల్ల దొంగంట గదా అనా?”

బాక్సు మూత నేనే తీసి ముందు పెట్టాను. కొంచెం తింది. మిగిలింది వీధిలో కుక్కకి వేసింది. నేనేమీ అనలేదు. ఆ ఒక్కరోజుకి.

సిద్ధాంతిగారు కారులో వచ్చారు. పట్టు ఉత్తరీయం, చేతిలో పంచాంగం, జేబులో మోగుతూ ఉండే ఫోను. వస్తూనే పళ్లెమూ బియ్యమూ అన్నారు. వేలితో రాసి చెరిపేదానికి మంచి బియ్యం ఎందుకని నేను నూకలు పోసి తెచ్చాను. నూకల్లో అక్షరం నిలవదు అన్నారాయన. మళ్ళీ వెళ్ళి సన్నబియ్యం తెచ్చాను. నన్ను బయటికి పంపేశారు. ఈసారి ఆ పిల్లని కూడా. ఇద్దరం వెనక మెట్ల మీద కూర్చున్నాం. పక్క షెడ్డులో వెల్డింగ్ మెరుపులు గోడ మీద పడుతున్నాయి.

తలుపు తీశాక సిద్ధాంతిగారు రెండు సంగతులు సెలవిచ్చారు. ఒకటి, కొత్త మాట రేపు పొద్దున్న ముహూర్తానికే పెట్టాలి, అప్పటిదాకా పాతమాట కదపకూడదు. రెండోది, ప్రశ్న చూశాను, రహస్యం బయటపెట్టింది స్త్రీ, ఆఫీసులో పడమర ముఖంగా కూర్చునే మనిషి.

ఆ పిల్ల కుర్చీ తూర్పు ముఖంగా ఉంటుంది. అది తూర్పుకి తిప్పించింది కూడా ఆయనే. మా ఆఫీసులో పడమర ముఖంగా కూర్చునేదాన్ని వెనక మెట్ల మీద నేనొక్కదాన్నే. ఓనరుగారు నావైపు చూశారు. నేనూ ఆయన వైపు చూశాను. ఆయన గొంతు సవరించుకుని, సరేలెండి, కారు దాకా వస్తాను పదండి అన్నారు.

సిద్ధాంతిగారు వెళ్ళాక గ్లాసులు కడిగి వరస పెడుతుంటే పళ్లెం కనపడలేదు. టేబులు కింద చూశాను, బీరువా మీద చూశాను. పళ్లెం లేదు, బియ్యమూ లేదు. ఆఫీసు సామాను పోతే అడిగేది నన్ను. పైగా సన్నబియ్యం. బయటికి వచ్చి చూస్తే సిద్ధాంతిగారి కారు ఎక్కడికీ వెళ్ళలేదు, ఎదురాఫీసు ముందు ఆగి ఉంది.

నేను రోడ్డు దాటాను. ఆ ఆఫీసులోకి నేనెప్పుడూ అడుగుపెట్టింది లేదు. గుమ్మంలో ఎవరూ లేరు, లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాను. టేబులు మీద మా పళ్లెం. అంచు దగ్గర సొట్ట చూసి గుర్తుపట్టాను, ఆ సొట్ట నా చేతిలోంచి జారినప్పుడు పడిందే. పళ్లెంలో మా బియ్యం. ఇటు సిద్ధాంతిగారు వేలితో బియ్యం చెరుపుతూ, ఈ మాట మూడో చెవిన పడకూడదు బాబూ అంటున్నారు. అటు ఎదురాఫీసు ఓనరు రెండు చేతులూ జోడించుకుని కూర్చున్నాడు. ఇంకో పళ్లెం, ఇంకో గుప్పెడు బియ్యం ఎందుకు దండగ అనుకున్నట్టున్నారు సిద్ధాంతిగారు. పొదుపులో నన్ను మించినవాణ్ణి జీవితంలో అప్పుడే చూశాను.

“ఏటమ్మా, లోపలికి అలా వచ్చేత్తన్నావు?” అన్నాడు ఆ ఓనరు.

“ఆ పళ్లెం మాది బాబూ.”

ఇద్దరూ పళ్లెం వైపు చూశారు. నేను వెళ్ళి తీసుకున్నాను. సిద్ధాంతిగారు, బియ్యం వరకూ అని ఏదో అనబోయారు. బియ్యమూ మాదే అని చెప్పి వచ్చేశాను.

వచ్చి ఓనరుగారికి ఫిర్యాదు చేశాను. నా ఫిర్యాదు పళ్లెం గురించే, ఇంకేమీ కాదు. వచ్చిన పెద్దమనిషి మన సామాను ఎత్తుకెళ్ళి ఎదురింట్లో పూజ చేస్తున్నాడు, ఇదేం పద్ధతి అన్నాను. ఓనరుగారు మొదట నవ్వారు. తరవాత నవ్వు ఆగిపోయింది. ఎదురు బావ కూడా సిద్ధాంతిగారి మనిషేనా అన్నారు, ఎవరినీ అడగకుండా.

ఆ పిల్ల అప్పటికి బ్యాగు సర్దుకుని నిలబడి ఉంది. బ్యాగు కుర్చీ మీద పెట్టింది.

“సార్, పాతమాట ఎదురాయనకి కూడా సిద్ధాంతిగారే ఇచ్చుంటారు.”

“అయితే ఏంటండి? అది నా జాతకానికి లెక్క కట్టి ఇచ్చిన మాట. ఇంకోడి జాతకానికి ఇంకో మాట వస్తాది గానీ.”

“రాకపోతేనో? ఒకటే కొట్టి సూడండి. నాను ముట్టుకోను. మీరే కొట్టండి.”

టేబులు అద్దం కింద ఎదురాఫీసు వాళ్ళ విజిటింగ్ కార్డు ఉంది, దానిమీద వాళ్ళ మెయిల్ చిరునామా ఉంది. ఓనరుగారు కుర్చీలో కూర్చుని ఒకటే వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు. తరవాత మమ్మల్ని అటు తిరగమన్నారు. తిరిగాం. అచ్చొచ్చిన మాట కొట్టారు.

తెరుచుకుంది. వాళ్ళ ఉత్తరాలన్నీ వరసగా ఉన్నాయి.

మీ మాటా వాళ్ళ మాటా ఒకటే అయితే, వాళ్ళు మీ ఇంట్లోకి రావచ్చు, మీరూ వాళ్ళింట్లోకి వెళ్ళొచ్చు. ఎదురాఫీసువాళ్ళు ఎవరినీ కొనలేదు, ఏ దొంగనీ పెట్టలేదు. ఒకే సిద్ధాంతి, ఒకే మాట అయి ఉంటుందని అనుకుని కొట్టి చూశారు, అంతే. “నాకు ఇయ్యాల తోసింది సార్, ఆలకి ఎప్పుడో తోసింది” అంది ఆ పిల్ల. గొంతులో గెలిచినట్టేమీ లేదు, అలిసిపోయినట్టుంది.

ఓనరుగారు తల వంచుకునే ఉన్నారు. పశ్చాత్తాపపడుతున్నారేమో అనుకున్నాను. కాదు. చదువుతున్నారు. మెల్లగా ముందుకి వంగి, అమ్మాయ్, ఇది కొంచెం కిందకి ఎలా జరుపుతారండి అన్నారు. వచ్చే వారం పోర్టు లోడుకి వాళ్ళు వేసిన రేటు కనపడుతోందట.

“సార్, అది సదివితే ఆలు సేసిందే మనమూ సేసినట్టు.”

“ఒక్కసారి. ఆయ్, ఒక్కసారే చూసి మూసేద్దాం.”

“మీరు సూత్తే, పొద్దున్న నన్నన్న మాట మీకు తగుల్తాది.”

ఆయన చెయ్యి బల్ల మీదనుంచి లేవలేదు. నాకు ఈ మెయిళ్ళూ రేట్లూ తెలియవు. కానీ ఒక మనిషి పక్కింటి కిటికీలోకి చూస్తూ ఉంటే ఏం చెయ్యాలో తెలుసు. గోడ దగ్గరికి వెళ్ళి మెయిన్ స్విచ్ తీసేశాను. కరెంటు పోయినా మిషను ఆగకుండా బల్ల కింద ఉండే బ్యాటరీ ఒకటి కీచుమని అరిచింది. దాన్నీ ఆపేశాను. ఎవరూ పని చెయ్యని మిషనుకి కరెంటెందుకు బాబూ అన్నాను. ఆయన నావైపు గుర్రుగా చూశారు. తరవాత తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

మళ్ళీ స్విచ్ వేశాక మాటలు మార్చే పని మొదలైంది. ముహూర్తం రేపటికి కదండీ అన్నారు ఓనరుగారు ముందు. ఆ పిల్ల, ఎదురుగా ఉన్నాయన మన ముహూర్తం దాకా ఆగుతాడా సార్ అంది. పైగా కొత్తమాట కూడా వాళ్ళకి ఇప్పుడే, మన బియ్యంలోనే రాసి చూపించి ఉంటారు కదా. ఓనరుగారు వాచీ చూసుకున్నారు, సరిగ్గా రాహుకాలం. కళ్ళు మూసుకుని, కానీ అన్నారు.

ఆ పిల్ల బ్యాగులోంచి ఒక ఫ్లాపీ, అప్పట్లో కంప్యూటర్‌లో దూర్చే పలకలాంటి బిళ్ళ, తీసింది. కోర్సు నేర్చుకున్న చోట ఎవరో ఇచ్చారట. పని మొదలెట్టిన నాటినుంచీ దాన్ని వాడదాం అంటోంది, అచ్చిరాదని ఓనరుగారే వద్దంటున్నారు. అందులో ఉన్నది మాటలు దాచే పెట్టె లాంటిదని నాకు చెప్పింది. మెయిల్‌కొక మాట, బ్యాంకుకొక మాట, టిక్కెట్లకొక మాట, దేనికది వేరే. ఆ మాటలు మనుషులు ఆలోచించినవి కావు, మిషనే కలగాపులగంగా చేసింది. చూస్తే గొంతులో చేపముల్లు ఇరుక్కున్నవాడు మాట్లాడినట్టు ఉన్నాయి. ఏ సిద్ధాంతికీ ఏ లెక్కలోనూ రావు. ఎవరూ బట్టీ పట్టక్కర్లేదు, పెట్టెలోనే పడుంటాయి. పెట్టెకి మాత్రం ఒకటే పెద్ద మాట. అది తలలో ఉండాలి.

ఇప్పుడు మా మనవరాలి ఫోనులో కూడా అలాంటి పెట్టె ఉందిట, దాని పేరు పాస్‌వర్డ్ మేనేజర్ అట. కొన్నాళ్ళుగా ఉందిట, వాడలేదట. ఇంట్లో బీరువా పెట్టుకుని గొలుసు కిటికీలో వేలాడదీసినట్టుంది. మేనేజర్ అనేవాడు ఊరికే వచ్చినప్పుడు పని చెప్పకుండా కూర్చోబెట్టడం నేనెక్కడా చూడలేదు.

పెట్టె మాట ఆ పిల్లకి చెప్పబోయారు ఓనరుగారు. అది చెవులు మూసుకుంది. పొడుగ్గా ఉండాలి, నాలుగైదు మాటలు కలిపి ఉండాలి, దేవుడి పేరూ లారీ నంబరూ మీ పిల్లల పేర్లూ ఉండకూడదు, నాతో అనకూడదు అంది. రోజూ పొద్దున్న మీరే పెట్టె తెరిచివ్వండి, నేను నా పని చేసుకుంటాను. “ఇకమీదట ఎవరికైనా తెలిసిందంటే, అది మీ నోట్లోంచే” అంది. మేమిద్దరం మళ్ళీ వెనక మెట్ల మీదకి వెళ్ళాం. ఆయన చాలాసేపు తీసుకున్నారు. లోపల ఒకసారి తనలో తనే నవ్వుకోవడం వినపడింది. ఏం మాట పెట్టుకున్నారో నాకు ఈరోజుకీ తెలియదు. తెలిసినా మీకు చెప్పేదాన్ని కాదు.

సాయంత్రం ఆ పిల్ల బ్యాగు భుజాన వేసుకుంది. ఓనరుగారు గుమ్మం దాకా వచ్చి, రేపు పొద్దున్నే రామ్మా అన్నారు, ఏమీ జరగనట్టు.

“అందరి ముందూ అన్నారు సార్. అందరి ముందూ తియ్యండి. అప్పుడొత్తాను.”

అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ రోజు ఫ్యాను ఆపి వెళ్ళింది.

ఓనరుగారు వాకిట్లోనే నిలబడ్డారు. వ్యాపారం చేసే మనిషి, డ్రైవర్ల ముందు ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకుంటే రేపు బత్తా దగ్గర కూడా వాళ్ళు బేరమాడతారని ఆయన భయం. అదీ నిజమే. ఏమంటావమ్మా అని నన్నడిగారు. నన్నడక్కండి బాబూ, పడమర ముఖంగా కూర్చునేదాన్ని అన్నాను. షట్టర్ వేసి తాళం వేశాను. ఆయన స్కూటరెక్కి వెళ్ళిపోయారు. ఏం చేస్తారో నాకు అర్థం కాలేదు. ఆ పిల్ల వస్తుందని నేను అనుకోలేదు. దానికి పొగరని కాదు, దాని నాన్నని నేనెరుగుదును. విరిగిన కాలితో కూడా ఒకరిని జాలి పడనివ్వని మనిషి.

మరునాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి ఓనరుగారు నాకంటే ముందే వచ్చి, మూసిన షట్టర్ ముందు నిలబడి ఉన్నారు. డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చారు. ఆ పిల్ల కూడా వచ్చింది గానీ లోపలికి రాలేదు. రోడ్డు మీదే ఆగి, కరెంటు స్తంభం పక్కన నిలబడింది. నేను షట్టర్ ఎత్తాను. బత్తా ఇచ్చే ముందు ఓనరుగారు పై మెట్టు ఎక్కారు. ఒక చిన్న మాట చెప్పాలండి అన్నారు. నిన్న నేను ఈ అమ్మాయిని అనకూడని మాట అన్నాను, రేట్లు పోయింది ఆవిడ వల్ల కాదు, నా సెంటిమెంటు వల్ల పోయాయి, మా మాటా ఎదురుగా ఉన్న బావ మాటా ఒకటే అయిపోయింది, నిన్నటితో నాది మార్చేశాను అన్నారు. గట్టిగానే అన్నారు. రోడ్డుకి అటుపక్క సగం లేచిన షట్టర్ అక్కడే ఆగిపోయింది.

డ్రైవర్లలో పెద్దాయన, ఆ పిల్ల నాన్నతో బండ్లు తోలినవాడు, వెళ్ళి దాని చేతిలోంచి బ్యాగు అందుకుని లోపలికి తెచ్చి కుర్చీ మీద పెట్టాడు. ఆ పిల్ల వచ్చి కూర్చుంది. ఓనరుగారిని పెట్టె తెరవమని, తాను గోడ వైపు తిరిగింది. ఆయన కొట్టారు. తెరుచుకుంది. లారీలు ఒక్కొక్కటే స్టార్టయ్యాయి. నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను.